సున్నపు బట్టీ, చదువు బట్టీ
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకు, నాకు చెవి మెలేసి మరీ పాఠం చెప్పిన మాస్టార్లకు, నాతో ఒకే బల్ల మీద కూర్చున్న స్నేహితులకు, వెనకాల వరండాలో నిలబడి భోజనాలు ఎప్పుడు పెడతారా అని చూస్తున్న తొమ్మిది, పది తరగతుల పిల్లలకు నమస్కారం.

కమిటీవారు ఫోన్ చేసి, "మీరు ముప్పై ఏళ్ళు జువాలజీ చెప్పారు కదండీ, బయాలజీ, కెమిస్ట్రీ ఎలా చదవాలో పిల్లలకి ఓ ఇరవై నిమిషాలు చెప్పండి" అన్నారు. సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక నవ్వొచ్చింది. ఎందుకంటే ఇదే బడిలో పదో తరగతి ఫస్టు క్లాసులో పాసై, కాకినాడలో ఇంటర్‌లో చేరి, మొదటి ఏడు కెమిస్ట్రీ తప్పినదాన్ని నేను. మా బ్యాచ్‌వాళ్ళకి ఈ సంగతి తెలుసు. మిగతావాళ్ళకి ఇవాళ తెలిసింది.

ఎలా తప్పానో ముందు చెబుతాను. ఆ పరీక్షలో ఒక లెక్క ఇచ్చారు. యాభై గ్రాముల సున్నపురాయిని బాగా కాలిస్తే ఎంత కార్బన్ డయాక్సైడ్ వస్తుంది? మోల్ అంటే ఏమిటో నిర్వచనం నాకు నోటికి వచ్చు. అవగాడ్రో సంఖ్య వచ్చు. గైడులో ఉన్న లెక్కలన్నీ వరసగా అప్పజెప్పగలను. కానీ ఈ లెక్క గైడులో లేదు. కాగితం మీద నిర్వచనం రాసి, దాని కింద గీత గీసి, ఊరుకున్నాను.

ఇందులో సిగ్గుపడాల్సిన సంగతి వేరే ఉంది. మా ఇంటి వెనక సున్నపు బట్టీ ఉండేది. పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, కాకినాడ అఖాతం వైపు నుంచి గుల్ల తెచ్చి, బొగ్గూ గుల్లా వరసలుగా పేర్చి కాల్చేవారు. ఆ పొగలోనే పెరిగాను. బట్టీలో పోసిన గుల్ల కంటే దిగిన సున్నం తక్కువ తూగుతుందని అక్కడ పనిచేసే ప్రతివాళ్ళకీ తెలుసు. అదేమిటే పిన్నీ అని అడిగితే, "పొగైపోయిందే అమ్మా" అనేది అక్కడ గుల్ల మోసే ఆవిడ. పొగ అనే మాటకి బదులు కార్బన్ డయాక్సైడ్ అంటే ఆవిడ చెప్పిందే పాఠం. నూరు కిలోల కాల్షియం కార్బొనేట్ కాలితే యాభై ఆరు కిలోల కాల్షియం ఆక్సైడ్ మిగులుతుంది, నలభై నాలుగు కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. యాభై గ్రాములకి ఇరవై రెండు గ్రాములు. మా పెరటి గోడ అవతల రోజూ జరుగుతున్న లెక్క అది. ఆ బట్టీని చూసి నేర్చుకోలేదు, ఈ బట్టీ పట్టి తప్పాను.

సప్లిమెంటరీలో పాసయ్యాను, అది వేరే సంగతి. నా గొడవ ఇప్పుడెందుకంటే, నేను చదివిన పద్ధతిలోనే ఇవాళ్టి పిల్లలూ చదువుతున్నారు. పాఠం నాలుగైదుసార్లు చదవడం. రంగు పెన్నుతో గీతలు గీయడం. ఇప్పుడైతే పుస్తకంలో గీయని లైనే కనిపించదు, పచ్చా గులాబీ రంగులతో సంక్రాంతి ముగ్గులా ఉంటుంది. చదివినకొద్దీ పాఠం తెలిసినట్టే ఉంటుంది. తెలిసినట్టు ఉండటం వేరు, తెలియడం వేరు. రోజూ వెళ్ళే వీధే కదా, ఏ ఇంటి గేటు ఏ రంగో కళ్ళు మూసుకుని చెప్పమనండి, సగం మంది చెప్పలేరు.

దీని మీద ఒక ప్రయోగం చెబుతాను. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ పిల్లలకి చిన్న పాఠాలు ఇచ్చారు. ఒకటి సూర్యుడి గురించి, ఇంకొకటి సముద్రపు నీటికుక్కల గురించి. నీటికుక్కలు మన కోరంగి మడ అడవుల్లోనూ ఉన్నాయి, జాతి వేరు. ఒకసారి పాఠాన్ని వరసగా రెండుసార్లు చదివించారు. ఇంకొకసారి ఒక్కసారే చదివించి, పుస్తకం తీసేసి, గుర్తున్నదంతా కాగితం మీద రాయమన్నారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే, రెండుసార్లు చదివినదాంట్లో నూటికి 81 వంతులు గుర్తుంది, రాసినదాంట్లో 75 వంతులే. ఇక్కడితో ఆపితే రెండుసార్లు చదవడమే మంచిది అనుకుంటాం. కానీ వారం తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివినది 42కి పడిపోయింది. ఒకసారి చదివి, చూడకుండా రాసినది 56 దగ్గర నిలిచింది. వాళ్ళే చేసిన ఇంకో ప్రయోగంలో, మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళే "మాకు బాగా గుర్తుంటుంది" అని ఎక్కువ ధీమాగా చెప్పారు.

ఆ ధీమా నాకు బాగా తెలుసు. కాకినాడ బస్సులో కిటికీ పక్కన కూర్చుని గైడు తిరగేస్తూ నేనూ అలాగే వెళ్ళాను.

అంచేత పిల్లలకి నేను చెప్పేది ముఖ్యంగా ఒకటే. చదివిన తర్వాత పుస్తకం మూసెయ్యండి. మూసి, తెల్లకాగితం తీసుకుని, గుర్తున్నది రాయండి, గీయండి. తర్వాత పుస్తకం తెరిచి, తప్పులు ఎర్ర పెన్నుతో దిద్దుకోండి. ఎర్ర గీతలు ఎక్కడున్నాయో రేపటి చదువు అక్కడ మొదలవుతుంది. మిగతాది మీకు వచ్చినట్టే, దాన్ని మళ్ళీ చదువుతూ కూర్చోకండి. మొదటి రోజు కాగితం చూస్తే ఏడుపొస్తుంది. అంతా ఎర్రగా ఉంటుంది. ఆ పూట చాలామంది "ఇది మనవల్ల కాదు" అని మళ్ళీ గైడు పట్టుకుంటారు. అక్కడ ఒక్క వారం ఓపిక పట్టాలి.

బయాలజీలో ఇది ఎలా చెయ్యాలో మూత్రపిండం పాఠంతో చెబుతాను. నెఫ్రాన్ బొమ్మ పదో తరగతి పరీక్షల్లో ఏళ్ళ తరబడి అడుగుతున్నారు. పిల్లలు బొమ్మని బొమ్మలాగే గుర్తుపెట్టుకుంటారు, అంటే ఇక్కడో గిన్నె, అక్కడో మెలిక, పక్కన పేర్లు. అలా కాకుండా ఒక రక్తపు బొట్టుతో పాటు మీరూ లోపలికి వెళ్ళండి. వచ్చే గొట్టం, అభివాహి ధమనిక, వెడల్పుగా ఉంది. పోయే గొట్టం, అపవాహి ధమనిక, సన్నగా ఉంది. లోపలికి వచ్చినంత తేలిగ్గా బయటికి పోలేకపోతే ఏమవుతుంది? పుష్కరాల రేవులో జనంలా ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడికి రక్తకేశనాళికల గుచ్ఛం గోడల్లోంచి నీళ్ళూ, లవణాలూ, గ్లూకోజూ, యూరియా బయటికి వడపోతై బౌమన్ గుళికలో పడతాయి. రక్తకణాలూ పెద్ద ప్రోటీన్లూ దాటలేవు. ఇలా రోజుకి వడపోసేది దాదాపు 180 లీటర్లు. మనం విసర్జించే మూత్రం లీటరున్నర చిల్లర. మరి మిగతా నూట డెబ్భై ఎనిమిది లీటర్లు ఎక్కడికి పోయాయి? ఈ ప్రశ్న వేసుకున్న పిల్లకి మెలికల నాళం ఎందుకంత పొడుగుందో, హెన్లీ శిక్యం ఎందుకు కిందికి దిగి పైకి ఎక్కుతుందో, వాటి చుట్టూ రక్తనాళాలు ఎందుకు అల్లుకున్నాయో తనంతట తనకే తెలుస్తుంది. నీళ్ళు వెనక్కి తెచ్చుకోవాలి కదా. గొట్టం పొడుగుంటేనే అంత పని జరుగుతుంది. ఆ పిల్ల బొమ్మ మర్చిపోయినా మళ్ళీ గీసుకోగలదు.

గుండె కూడా అంతే. నాలుగు గదుల పేర్లు కాదు, కుడి కర్ణికలో ఎక్కినవాళ్ళు మహాధమనిలో దిగేదాకా ఏయే స్టేషన్లు వస్తాయో వేలితో గాలిలో గీస్తూ చెప్పండి. ఊపిరితిత్తుల దగ్గర రైలు మారాలని మర్చిపోకండి.

ఇంకొక మాట. ఇప్పుడు మన పిల్లలు ఇంగ్లీషు మీడియంలో చదువుతున్నారు. సాయంత్రం ఇంటికెళ్ళి ఆ పాఠాన్ని అమ్మకో నానమ్మకో తెలుగులో చెప్పి చూడండి. "ఫిల్ట్రేషన్ జరుగుతుంది నానమ్మా" అంటే కుదరదు. "వడకడుతుంది" అనాలి. నానమ్మ "దేంతో వడకడుతుందిరా?" అంటుంది. ఆ ప్రశ్నకి జవాబు చెప్పగలిగితే పాఠం వచ్చినట్టే. నానమ్మకన్నా మంచి ఎగ్జామినర్ దొరకదు, మార్కులు కూడా వెయ్యదు.

ఎప్పుడెప్పుడు చెయ్యాలి అని అడుగుతారు. ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ ఆయన 1885లోనే తన మీద తనే ప్రయోగాలు చేసుకుని చూపించాడు, నేర్చుకున్నది మొదటి గంటల్లో, మొదటి రోజుల్లో గబగబా పోతుంది, తర్వాత పోవడం నెమ్మదిస్తుంది. ఒకే రాత్రి పదిసార్లు చదివినదానికంటే, కొన్ని రోజుల మీద విడగొట్టి చదివినది తక్కువ శ్రమతో నిలుస్తుంది. నేను మా పిల్లలకి చెప్పిన లెక్క ఇది. పాఠం చెప్పిన సాయంత్రం ఒక కాగితం, మూడు రోజులకి ఒకటి, వారానికి ఒకటి, నెలకి ఒకటి. నాలుగు కాగితాలు, తలా పది నిమిషాలు. ఈ అంకెలు శాసనం కాదు, రెండు రోజులు అటూ ఇటూ అయితే మునిగిపోయేది లేదు. పరీక్ష ముందు రాత్రి తెల్లవార్లూ మేలుకుని చదవడం మాత్రం వద్దు. నిద్రలోనే చదివినది కుదురుకుంటుంది.

కెమిస్ట్రీకి వస్తాను. ఇక్కడ కొంత బట్టీ తప్పదు, అబద్ధం చెప్పను. మూలకాల సంకేతాలు, సంయోజకతలు, సల్ఫేట్, నైట్రేట్, కార్బొనేట్‌లాంటి అయాన్ల ఆవేశాలు, ఇవి ఎక్కం లాంటివి, నోటికి రావలసిందే. పాత శుభలేఖలు చీల్చి ముక్కలు చేసుకుని, ఒకవైపు పేరు, వెనకవైపు సంకేతం, సంయోజకత రాసుకోండి. పేకముక్కల్లా కలిపి ఒక్కొక్కటీ తీసి చెప్పండి. వచ్చినవి పక్కన పెట్టి, రానివి మళ్ళీ కట్టలో పెట్టండి. ముప్పై, నలభై ముక్కలు. పదిహేను రోజుల పని. దీన్ని ఎగ్గొట్టినవాళ్ళకి ఫార్ములాలు రావు, ఫార్ములాలు రానివాళ్ళకి సమీకరణాలు రావు, సమీకరణాలు రానివాళ్ళకి లెక్కలు రావు. నేను చూసినంతలో "కెమిస్ట్రీ నాకు రాదు" అనే పిల్లల్లో సగం మంది ఎనిమిదో తరగతి సంయోజకతల దగ్గర ఆగిపోయినవాళ్ళే. పై క్లాసు మాస్టారికి వెనక్కి వెళ్ళి చెప్పే తీరిక ఉండదు, అడగడానికి పిల్లలకి సిగ్గు.

ఆ తర్వాత మాత్రం బట్టీ పనికిరాదు. మళ్ళీ సున్నం దగ్గరికే వెళ్దాం. బట్టీలోంచి తీసిన సున్నం మీద నీళ్ళు చల్లితే బుసబుసమని ఉడుకుతుంది, చెయ్యి కాలుతుంది. అది ఉష్ణమోచక చర్య. కాల్షియం ఆక్సైడ్ నీటితో కలిసి కాల్షియం హైడ్రాక్సైడ్ అయింది. దాన్ని పండక్కి గోడలకి కొడతాం. కొట్టినరోజు వేలికి అంటుకుంటుంది. కొన్నాళ్ళకి గట్టిపడుతుంది. ఎందుకంటే గాలిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని మళ్ళీ కాల్షియం కార్బొనేట్ అయిపోయింది. మొదట గుల్లలో ఉన్నది ఏమిటో ఇప్పుడు గోడ మీద ఉన్నదీ అదే. మూడు సమీకరణాలు. పుస్తకంలో మూడూ ఒకచోట ఉండకపోవచ్చు. వాటిని ఒక చుట్టులా గీసి, ఎక్కడ వేడి ఇచ్చాం, ఎక్కడ వేడి వచ్చింది, ఎక్కడ బరువు తగ్గింది, ఎక్కడ పెరిగింది అని పక్కన రాసుకుంటే, వియోగం, సంయోగం, ఉష్ణమోచకం, తుల్య సమీకరణం, మోల్ లెక్క అయిదూ ఒక్క కాగితం మీదికి వస్తాయి. లెక్కలు చేసేటప్పుడు ఒకే రకంవి పది చెయ్యకండి. పదిలో మొదటి రెండే ఆలోచించి చేస్తారు, మిగతా ఎనిమిదీ చెయ్యి చేసుకుపోతుంది. రకరకాలవి కలిపి చేస్తే ఇది ఏ రకం లెక్క అని ప్రతిసారీ బుర్ర పెట్టాలి. పరీక్షలో అడిగేది ఆ పనే.

ఇప్పుడు మాస్టార్లకి ఒక మాట, ముందు నా తప్పు ఒప్పుకుని చెబుతాను. ఉద్యోగంలో చేరిన మొదటి పదిహేనేళ్ళు నేనూ బట్టీయే పట్టించాను. తప్పిన జవాబు పదిసార్లు ఇంపోజిషన్ రాయించాను. ఒక ఏడు నా క్లాసులో ఈ చుట్టుపక్కల ఊరి మత్స్యకారుల కుర్రాడు ఉండేవాడు. ద్రవాభిసరణ పాఠం చెబుతుంటే లేచి, "మేడమ్‌గారూ, ఇలస సముద్రంలోంచి గోదాట్లోకి ఎక్కి పులస అవుద్ది కదండీ. ఉప్పునీళ్ళలో ఉన్న చేప మంచినీళ్ళలోకొస్తే ఉబ్బి పగిలిపోవాలి కదండీ, ఎందుకు పోదండీ?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నాకు పోర్షన్ తరుముతోంది. "అది సిలబస్‌లో లేదు, కూర్చో" అన్నాను. ఆ పూట ఆ గదిలో పాఠం అర్థమైనవాడు వాడొక్కడే. వాడు రెండు సబ్జెక్టులు తప్పి ఆ ఏడే చదువు మానేశాడు. నా ఒక్క మాట వల్లనే మానేశాడని అనను, ఇంట్లో కారణాలు ఇంట్లో ఉంటాయి. కానీ నేనొక మాట అన్నది నిజం.

చాలా ఏళ్ళ తర్వాత, వరద నీళ్ళు ఎర్రగా వచ్చిన రోజుల్లో, ఇక్కడే యానాం గట్టు దగ్గర పులసలు వేలం వేస్తుంటే చూద్దామని వెళ్ళాను. కొనడానికి కాదు, పెన్షను డబ్బుతో అయ్యే పని కాదు. ఒకాయన నన్ను చూసి, "మేడమ్‌గారూ, బాగున్నారాండీ? ఆ చేప సంగతి మీరు చెప్పనే లేదండి" అన్నాడు. వాడే. అక్కడే నిలబడి చెప్పాను. సముద్రంలో ఉన్నప్పుడు చేప ఒంట్లో నీళ్ళు బయటికి పోతుంటాయి, అందుకని ఉప్పునీళ్ళు తాగుతుంది, ఎక్కువైన ఉప్పుని మొప్పల ద్వారా బయటికి తోసేస్తుంది. మూత్రం కొంచెమే. ఏట్లోకి వచ్చేసరికి పని మొత్తం తిరగబడుతుంది. నీళ్ళు తాగడం తగ్గించి, పల్చటి మూత్రం బాగా పోస్తుంది, మొప్పలే ఇప్పుడు నీళ్ళలోంచి లవణాలు లోపలికి లాక్కుంటాయి. వాడు శ్రద్ధగా విని, "అయితే మొప్పలే తిరగేస్తాయన్నమాట" అన్నాడు. నా ముప్పై ఏళ్ళ సర్వీసులో అంత పొట్టి, అంత సరైన జవాబు పేపర్లలో చూడలేదు. వాడి కూతురు ఇప్పుడు ఈ బడిలోనే తొమ్మిదో తరగతి. ఇక్కడే ఉంది, ఎవరో చెప్పను.

ఆ ప్రశ్నలో గమనించాల్సింది ఇంకొకటుంది. అది బయాలజీయా, కెమిస్ట్రీయా? చేప బయాలజీ, ఉప్పు కెమిస్ట్రీ అని రెండు నోటుబుక్కుల్లో రాసుకుంటే ఆ ప్రశ్న పుట్టదు. మన భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్ రెండుసార్లు తప్పి, మద్రాసులో మూడోసారి గట్టెక్కినాయన. 1925లో హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్ ఎంతుందో నీలిరంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతి కనిపెట్టారు. అది అచ్చంగా కెమిస్ట్రీ. దాన్ని కండరాల మీద ప్రయోగిస్తేనే ఫాస్ఫోక్రియాటిన్, ఆ తర్వాత ఏటీపీ బయటపడ్డాయి. బయాలజీ పుస్తకంలో శ్వాసక్రియ పాఠంలో ఏటీపీ అని మీరు చదివేది అదే. మన గోదావరి జిల్లాల్లో బోదకాలుకి ఇంటింటికీ వచ్చి మింగించిన డీఈసీ మాత్ర కూడా లెడర్లీ సంస్థలో ఆయన నడిపిన పరిశోధనల్లోంచి వచ్చిందే. ఆ మాత్ర ఎప్పుడైనా ఇస్తే మింగకుండా పారబొయ్యకండి.

మాస్టార్లూ, ఇప్పుడు మన ప్రభుత్వ బడులకి సీబీఎస్ఈ వచ్చింది. గైడులో ఉన్న ప్రశ్న ఉన్నట్టు రాదు. అందుకని ఒక చిన్న పని అడుగుతున్నాను. పీరియడ్ మొదట్లో అయిదు నిమిషాలు, నిన్నటి పాఠం మీద, పుస్తకం మూసి, మూడు ప్రశ్నలు. మార్కులు వెయ్యొద్దు, రిజిస్టర్లో ఎక్కించొద్దు. మార్కులు పెడితే అది పరీక్షైపోతుంది, కాపీ కొడతారు. వాళ్ళే దిద్దుకోవాలి. నేను చివరి పదిహేనేళ్ళూ ఇది చేశాను. పోర్షన్ ఆలస్యమవుతుందేమో అని భయపడ్డాను, కాలేదు. మళ్ళీ చెప్పాల్సిన పాఠాలు తగ్గాయి.

పూర్వ విద్యార్థులకి కూడా ఒక పని. సంఘం తరఫున ఏటా షీల్డులు ఇస్తున్నాం, బీరువా నిండిపోయింది. వచ్చే ఏడు నుంచి నెలకో శనివారం సాయంత్రం పదిమందిమి వచ్చి కూర్చుందాం. సైన్సు రానివాళ్ళే రావాలి. పిల్లలు మనకి పాఠం చెప్తారు, మనం "అదెందుకు?" అని అడగాలి. అంతకు మించి మనకేమీ రానక్కర్లేదు. ఒడ్డున ఉండేవాళ్ళు పడవ కట్టేశాకా, కొట్టున్నవాళ్ళు కుర్రాణ్ణి కూర్చోబెట్టీ రావొచ్చు.

ఇరవై నిమిషాలు దాటినట్టున్నాయి. మీ అందరి కుర్చీల కింద తలా ఒక తెల్లకాగితం పెట్టించాను. ఇందాక గుండెలో రక్తం దారి చెప్పాను కదా, నాలుగు గదులూ గీసి, బాణాలు వెయ్యండి. పిల్లలు వరండాలోంచి లోపలికి వచ్చి, మీ పక్కన నిలబడి ఎర్ర పెన్నుతో దిద్దుతారు. కలెక్టరాఫీసులో చేసినవాళ్ళకీ మినహాయింపు లేదు. పెన్నులు లేనివాళ్ళు పక్కవాళ్ళని అడగండి. పక్కవాళ్ళ కాగితంలోకి మాత్రం చూడకండి.